తోటి కార్మికుని పనికి కూలి

బస్సు డిపో మెకానిక్కు ఆదివారంనాడు తోటి కండక్టరు మోటారుసైకిలు బాగుచేసి డబ్బు పుచ్చుకోవచ్చునా? అది కార్మిక సౌభ్రాతృత్వానికి మచ్చ అని నా మిత్రులు కొందరంటారు. వారిలో ఎక్కువమంది ఉపాధ్యాయులు; ఇంటివద్ద ట్యూషను చెప్పి ఫీజు తీసుకోవడంలో వారికి ఏ మచ్చా కనిపించదు.

పల్లెల్లో ఈవేళ నీ చేను, రేపు నా చేను అనుకుని నాట్లు వేసుకునేవారు. అక్కడ డబ్బు అక్కరలేదు. నడుము వంచిన రోజుకు నడుము వంచిన రోజే బదులు. కండక్టరు ఏమి బదులు తీర్చగలడు? క్లచ్చి ప్లేట్లు మార్చాలంటే ఇంజను ఆయిలు దింపాలి, మూత విప్పాలి, కొత్త ప్లేట్లను నూనెలో నానబెట్టాలి, తిరిగి బిగించి కేబులు సరిచూడాలి. మెకానిక్కు సెలవులో ఒక పూట పోయినట్టే.

కార్మికుడు అమ్మేది నియమిత కాలానికి తన శ్రమశక్తినేనని మార్క్సు 1867లో 'పెట్టుబడి' మొదటి సంపుటంలో విశదపరిచాడు. మిగిలిన వేళ అతనిది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సైతం నియమిత వేళకు మించిన పనికి రెట్టింపు వేతనమన్నది. యజమాని ఒప్పుకోక తప్పని లెక్కను స్నేహితుడు ఎగవేయవచ్చునా? తెలంగాణలో 1946లో రైతులు ఆయుధం పట్టడానికి ఒక కారణమైన వెట్టి కూడా ఆనవాయితీ పేరిటే సాగింది. దొరనూ కండక్టరునూ నేను ఒకే గాటన కట్టడంలేదు. కాని కాదనలేక చేసే చాకిరీకి స్నేహమని పేరు పెట్టడం నాకు రుచించదు.

బజారు షెడ్డుకంటే అతడు తక్కువే అడుగుతాడు. ఊడ్చే మనిషి వద్ద అసలే అడగడు. అది అతని ఇష్టం. డిపో వేళలో, డిపో నట్లూ ఆయిలూ వాడి చేస్తే మాత్రం సంగతి వేరు. అది ప్రజల సొత్తు. దానిని ఆపవలసింది మేనేజరుకంటే ముందు కార్మిక సంఘం.