ఈడర్ బడిలో ఇద్దరు

గుజరాత్‌లోని ఈడర్ బడిలో ఇద్దరు కుర్రాళ్లు చదువుకున్నారు. ఉమాశంకర్ జోషి పెద్ద చదువులు చదివి కవిగా పేరు తెచ్చుకున్నారు. పన్నాలాల్ పటేల్ చదువు పేదరికంతో నాలుగో తరగతిలోనే ఆగింది. పొట్టకూటికి డుంగర్‌పూర్‌లో మద్యం తయారుచేసే చోట కూడా పనిచేశారాయన.

1936లో అహ్మదాబాద్‌లో పాత స్నేహితుడు ఉమాశంకర్ ఆయనకు తారసపడి, కథలు రాయమని వెన్నుతట్టారు. మంచి పని చేశారు! ఉమాశంకర్‌కు 1967లో, కువెంపుతో కలిపి, జ్ఞానపీఠం దక్కింది, పన్నాలాల్‌కు 1985లో.

పన్నాలాల్ నవలల్లో ‘మానవీనీ భవాయి’ (1947) ముందువరసలో నిలుస్తుంది. కాళు, రాజు ఒకరినొకరు ఇష్టపడతారు, పెళ్లి మాత్రం జరగదు. ఈలోగా ఛప్పనియో కరవు విరుచుకుపడుతుంది. అది విక్రమ సంవత్సరం 1956, అంటే 1899-1900 నాటిది. రైతు కాళుకు ఆకలికన్నా చేయి చాచడమే దుర్భరం. పల్లె యాసలో సాగే ఈ కథను 1993లో ఉపేంద్ర త్రివేది సినిమాగా తీసి, తానే నటించారు.