ఎవరి ముందు సూటిగా?

పారను పారే అనాలంటారు ఇంగ్లీషువాళ్లు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పేవాణ్ని మెచ్చుకునే మాట అది. దాని వెనకున్న కథ చదివాక నాకు ఆ మెప్పు మీదే అనుమానం పుట్టింది.

క్రీ.పూ. 348లో మాసిడోనియా రాజు ఫిలిప్ ఒలింథస్ నగరాన్ని పట్టుకున్నాడు. అప్పగించింది లోపలివాళ్లే, లాస్తెనీస్, యూథిక్రటీస్ అనే ఇద్దరు నాయకులు. ఊరు నేలమట్టమైంది, జనాన్ని బానిసలుగా అమ్మేశారు. తర్వాత లాస్తెనీస్ బృందం రాజు దగ్గరికెళ్లి, మీ మనుషులు మమ్మల్ని ద్రోహులంటున్నారని మొరపెట్టుకుంది. మావాళ్లు మొరటువాళ్లు, తొట్టిని తొట్టే అంటారు అన్నాడట ఫిలిప్. గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిపెట్టిన కథ ఇది. డచ్ పండితుడు ఎరాస్మస్ లాటిన్‌లోకి మార్చేసరికి తొట్టి కాస్తా పార అయింది. 1542లో నికొలస్ ఉడాల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. తొట్టయినా పారయినా నాకు పట్టింపు లేదు.

ద్రోహి అన్న మాటలో అబద్ధం లేదు. కానీ దాన్ని సమర్థిస్తున్నది ఆ ద్రోహంతో ఊరు గెలుచుకున్నవాడు. పని అయిపోయింది, ఎదుటివాడికి వేరే దిక్కు లేదు. ఇంత చవకైన ముక్కుసూటితనం ఎక్కడ దొరుకుతుంది!

అదే లాస్తెనీస్ గురించి క్రీ.పూ. 343లో ఏథెన్స్‌లో డెమోస్తనీస్ అనే వక్త మాట్లాడాడు. మాసిడోనియా కానుకగా పంపిన కలపతో ఆ మనిషి ఇంటికి కప్పు వేయించుకున్నాడని పేరు పెట్టి చెప్పాడు. మనలోనూ అమ్ముడుపోయినవాళ్లున్నారని ఏథెన్స్ మొహం మీదే అన్నాడు. ఆయనా కడిగిన ముత్యమేం కాదు, తర్వాత లంచం కేసులో కోర్టు 50 టాలెంట్ల జరిమానా వేసింది. అయినా క్రీ.పూ. 322లో మాసిడోనియా సైనికులు వెంటాడితే ఒక గుడిలో విషం మింగి చనిపోయింది ఆయనే. తొట్టిని తొట్టి అన్నందుకు ఫిలిప్‌కు పోయిందేమీ లేదు.

భయం లేకుండా మాట్లాడడాన్ని గ్రీకులు పరేసియా అన్నారు. 1983లో బర్క్‌లీలో దాని మీద ఉపన్యాసాలిచ్చిన ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో, చెప్పేవాడికి ప్రమాదం ఉంటేనే ఆ పేరు తగుతుందన్నాడు. మాట కింది నుంచి పైకి పోవాలి. పిల్లలకు వ్యాకరణం చెప్పే పంతులు నిజమే చెబుతాడు గానీ, దానికి ధైర్యం అక్కర్లేదు.

మన ఇళ్లలో "ఏమీ అనుకోకమ్మా, నాకు మొహమాటం లేదు" అని మొదలుపెట్టే పెద్దమనుషులు ఉంటారు. ఆ వెంటనే వచ్చేది కోడలి వంట సంగతో, పెళ్లిచూపుల్లో పిల్ల రంగు సంగతో, వాచ్‌మన్ బద్ధకం సంగతో. అదే నోరు ఆఫీసులో పై అధికారి తప్పు లెక్క చూపిస్తే "బానే ఉంది సార్" అంటుంది. నన్నడిగితే మొహమాటం ఉండాల్సింది కోడలి దగ్గరా వాచ్‌మన్ దగ్గరా. కింద ఉన్నవాళ్లతో కాస్త తడబడడం మర్యాదే.

ఈసారి ఎవరైనా తమ ముక్కుసూటితనం గురించి గొప్పలు పోతే, ఆ గుణం వల్ల ఇప్పటిదాకా ఏం పోగొట్టుకున్నారో అడిగి చూడండి.