సురిబాచి శిఖరం: శత్రుమృతుల ఋణం

యుద్ధంలో మరణించినవారి పట్ల బ్రతికివున్నవారికి ఉండే ఋణం స్వపక్షంతోనే ముగుస్తుందా, శత్రుపక్షానికి కూడా వర్తిస్తుందా అన్న ధర్మసందేహాన్ని ఇవో జిమా దీవి తీవ్రంగా ముందుకు తెస్తుంది. టోక్యోకు దక్షిణంగా సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గంధకపు దీవి కొసన 169 మీటర్ల ఎత్తున నిలిచిన అగ్నిపర్వత శిఖరమే సురిబాచి. 1945 ఫిబ్రవరి 19న అమెరికన్ మెరీన్లు, అనగా సముద్రం మీదుగా వచ్చి తీరంపై దాడి చేసే సైనికులు, అక్కడ దిగారు. 23వ తేదీన శిఖరంపై జెండా ఎత్తుతుండగా జో రోసెంతాల్ తీసిన ఛాయాచిత్రం విజయచిహ్నంగా లోకమంతటా వ్యాపించింది; కాని పోరు ఆ తరువాత కూడా నెలకు పైగా సాగింది, ఆ చిత్రంలోని ఆరుగురిలో ముగ్గురు ఆ దీవిమీదనే మరణించారు.

మృతులను మతాన్నిబట్టి వేరుచేయవచ్చునా అన్న వివాదం పోరు ముగియకముందే అక్కడ తలెత్తింది. ఐదవ మెరీన్ డివిజన్ శ్మశానవాటికను అంకితం చేసే సందర్భంలో సర్వమతాలకూ ఉమ్మడి ప్రార్థన జరిపి, అందులో యూదు మతగురువు రోలండ్ గిటెల్సన్ చేత ప్రసంగింపజేయాలని డివిజన్ ప్రధాన మతాధికారి సంకల్పించగా, తోటి క్రైస్తవ మతాధికారులలో కొందరు అభ్యంతరం చెప్పడంతో ప్రార్థనలు విడివిడిగా జరిగాయి. జాతి, మత, ధన భేదాలు లేక పక్కపక్కనే ఖననమైనవారి సమానత్వాన్ని గురించి గిటెల్సన్ చేసిన ప్రసంగం ఉదాత్తమైనదే. అయినా ఆ సమానత్వపు ఎల్లలు ఒక సైన్యం ఎల్లలను దాటలేదు.

ఆ ఎల్లకు ఆవల, కురిబయాషి సేనాధిపత్యంలో ఇరవై వేలకు పైగా జపాన్ సైనికులు, వాగులూ ఏరులూ లేని ఆ నేలకింద వేడి సొరంగాలలో దాహంతో పోరాడి, అత్యధికులు అక్కడే నశించారు. 1994లో దీవిని దర్శించిన చక్రవర్తి అకిహితో వారి స్మారకంపై నీరు పోశాడు. మృతులకు నువ్వులతో కూడిన నీటిని, అనగా తిలోదకాన్ని, విడిచే సంప్రదాయమున్న తెలుగు పాఠకుడికి ఆ చర్యలోని ఆర్తిని వేరుగా వివరించనక్కరలేదు.

తిక్కన తెనిగించిన భారతభాగంలోని స్త్రీపర్వం శత్రుమృతుల ఋణాన్ని గురించిన ఈ ప్రశ్నను ఎదుర్కొన్న గ్రంథమే. కురుక్షేత్రంలో పడినవారిలో సంస్కారం చేయడానికి ఎవరూ లేని అనాథమృతులకు కూడా దహనక్రియలు జరిపించమని ధర్మరాజు ఆజ్ఞాపిస్తాడు. అనంతరం జలదానవేళ కుంతి రహస్యం విప్పడంతో, శత్రువని చంపించిన కర్ణుడు తన అన్నయేనని తెలుసుకుంటాడు. ఇరుపక్షాలకూ సమానంగా దుఃఖించడమంటే ఇరుపక్షాల న్యాయాన్యాయాలను సమం చేయడమేనని కొందరు ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపం నిలవదు. అంత్యక్రియ తీర్పు కాదు. ధర్మరాజు కౌరవులకు తిలోదకాలిచ్చినంత మాత్రాన ద్రౌపదీ పరాభవం మాసిపోనట్లే, సొరంగాలలోని అస్థికలను గౌరవించినంత మాత్రాన జపాన్ దురాక్రమణ ధర్మం కాజాలదు. ఏ పక్షాన పోరాడినా, మరణించినవాడి కోసం ఎదురుచూసే తల్లి దుఃఖంలో రాజ్యపు దోషానికి పాలు ఉండదు.

1985లో, నలభయ్యవ వార్షికోత్సవాన, ఇరుపక్షాల వృద్ధసైనికులు ఆ తీరంలోనే కలుసుకున్నారు. అక్కడి స్మారకశిలపై అమెరికన్లు దిగిన తీరం వైపు ఇంగ్లీషులోనూ, జపనీయులు కాచుకున్న భూభాగం వైపు జపనీస్‌లోనూ శాసనం చెక్కి ఉంది. అమెరికన్ మృతులను యుద్ధానంతరం అక్కడి సమాధులనుండి వెలికితీసి తరలించారు. పది వేలకు పైగా జపాన్ సైనికుల అస్థికలు మాత్రం ఇప్పటికీ ఆ దీవిలోనే ఉన్నాయి.