బతికున్నట్టు ఓ కాగితం

కంఠేశ్వర్‌లో గుడికి వెళ్ళే దారి పొద్దున్నే శుభ్రంగా ఉందంటే, మనం లేవకముందే ఎవరో చీపురు పట్టారన్నమాట. అలా ముప్ఫై ఏళ్ళు ఊడ్చిన పర్మనెంటు ఉద్యోగికి వచ్చే పింఛను దయా, బాకీయా?

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: అది దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు.

అయినా ఏటా బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. అడగడం న్యాయమే. పోయినవాళ్ళ పేరున డబ్బు పోతే అది ఊరందరి సొమ్ము. 2014లో కేంద్రం జీవన్ ప్రమాణ్ తెచ్చింది, వేలిముద్ర చాలంది. చీపురు పట్టి గీతలరిగిన వేళ్ళు యంత్రానికి ఆనకపోతే? అప్పుడు ఎదురుగా నిలబడ్డ మనిషిని నమ్మాలా, యంత్రాన్నా?

ఇక ఫ్యామిలీ పింఛను తెచ్చుకునే ఆవిణ్ణి చూసి, "ఆయన పుణ్యమా అని తింటోంది" అంటాం. నాలుగింటికే లేచి, అన్నం వండి ఆయన్ని డ్యూటీకి పంపిందెవరండీ? ఆ డబ్బులో ఆవిడ చెమటా ఉంది.

బాకీ ఉన్నది ఊరు. బాకీదారు లెక్క అడగొచ్చు. కానీ ముందు కుర్చీ వేసి, తర్వాత అడగాలి.