తిథి చెప్పి వెళ్ళిన అతిథి

‘అతిథి’ అన్న మాటకి మన పెద్దలు చెప్పే అర్థం ఒకటుంది. తిథి లేనివాడు అతిథి. అంటే ఫలానా రోజున వస్తానని కబురు పెట్టకుండా గుమ్మంలో ఊడిపడేవాడన్నమాట. ఆ లెక్కన, మూడు నెలల ముందే తేదీ చెప్పి, గది ఖాయం చేసుకుని, అడ్వాన్సు కూడా కట్టి వెళ్ళినవాడిని ఏమనాలి? ఈ ప్రశ్న నాకు ఇంట్లో పడక్కుర్చీలో ఉన్నప్పుడు తట్టలేదు. మొరాకో దేశంలో, మరాకేష్ నగరంలో, రాత్రి పదకొండు గంటలకి, వేడి చల్లారని కూర ముందు తలొంచుకుని నిలబడ్డప్పుడు తట్టింది.

మరాకేష్ పాత ఊళ్ళో ‘రియాద్’లని ఉంటాయి. రియాద్ అంటే తోట. సందులోంచి చూస్తే ఎర్రమట్టి రంగు గోడ, ఓ చిన్న తలుపు తప్ప మరేం కనిపించదు. ఇదేం కొంపరా బాబూ అనుకుంటూ తలవంచి లోపలికి వెళితే నడుమ ఆకాశం కనిపించే వాకిలి, నారింజ చెట్లు, నీళ్ళ తొట్టి, గోడలకి రంగురంగుల పెంకు ముక్కలతో పేర్చిన ముగ్గులు! కిటికీలన్నీ లోపలికే చూస్తుంటాయి. మా ఆవిడ చుట్టూ కలయజూసి, “అచ్చం మా అమ్మమ్మగారి మండువా లోగిలే!” అంది.

ఒకప్పుడివి కలిగినవాళ్ళు కాపురాలు చేసిన ఇళ్ళు. 1912లో ఫ్రెంచివారి పెత్తనం వచ్చాక కోటగోడల బయట కొత్త పట్టణం వెలిసింది. డబ్బున్న కుటుంబాలు మెల్లమెల్లగా అటు తరలిపోయాయి. పాత ఇళ్ళు కొన్ని వాటాలు పడ్డాయి, కొన్ని పాడుపడ్డాయి. 1985లో యునెస్కోవారు ఆ పాత ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. 1990ల నుంచి విదేశీయులు ఈ ఇళ్ళు కొని, బాగుచేయించి, యాత్రికులకి బస ఇవ్వడం జోరందుకుంది. మేం దిగిన ఇంటి యజమాని కూడా సముద్రానికి అవతల యూరప్‌లో ఎక్కడో ఉంటాడట. ఇల్లు చూసుకునేది ఓ కుర్రాడు. వంట చేసేది ఓ పెద్దావిడ. ఇంతకీ నేనెవరి అతిథిని?

అక్కడ రాత్రి భోజనం కావాలంటే పొద్దున్నే చెప్పాలి. అప్పుడు వంటావిడ బజారుకెళ్ళి, ఎంతమందికి కావాలో అంతమందికే తెచ్చి వండుతుంది. మా ఆవిడ శాకాహారి అని చెబితే తలూపింది. మేం ఊరు చూడ్డానికి బయల్దేరాం.

సాయంత్రం జెమా ఎల్ ఫ్నా మైదానంలో పడ్డాం. కథలు చెప్పేవాళ్ళు, డోళ్ళు వాయించేవాళ్ళు, నారింజరసం బళ్ళు, పొగలు కక్కే తిండి అంగళ్ళు! నాకు వేళ తెలియలేదు. ఆకలికి ఆగలేక ఓ బల్ల మీద కూర్చుని కడుపునిండా లాగించాను. మా ఆవిడ రొట్టె, వంకాయ వేపుడు తింది. “అక్కడ భోజనం చెప్పొచ్చామండీ” అని ఆవిడ రెండుసార్లు గుర్తు చేసింది. “బిల్లులో వేసుకుంటారు లెద్దూ” అన్నాను.

బసకి చేరేసరికి పదకొండు. వాకిట్లో రెండు పళ్ళేలు, గుడ్డ కప్పిన రొట్టెలు. కుంపటి మీద, గోపురంలాంటి మూత పెట్టిన మట్టిపాత్ర. దాన్నే ‘తాజిన్’ అంటారు. పక్కన పీట మీద కూర్చుని ఆ పెద్దావిడ కునికిపాట్లు పడుతోంది. ఇంటికి వెళ్ళకుండా మాకోసమే ఉండిపోయింది! నేను కుర్రాడితో, “మేం తినేశాం. ఫరవాలేదు, డబ్బు మొత్తం ఇచ్చేస్తాం” అన్నాను, ఏదో ఉదారంగా మాట్లాడుతున్నట్టు. వాడు తర్జుమా చేశాడు. ఆవిడ కోప్పడలేదు. కుంపటి కేసి చూసి ఊరుకుంది.

మా ఆవిడ మాత్రం చేతులు కడుక్కొచ్చి కూర్చుంది. మూత తీస్తే కారెట్టు, బంగాళాదుంప, ఆలివు కాయలు, పైన ఉప్పులో ఊరిన నిమ్మబద్దలు. ఆ నిమ్మకాయ వాసనకి మా ఆవిడ మొహం విప్పారింది. రొట్టె ముక్కతో కూర అద్దుకుని తింటుంటే పెద్దావిడ దగ్గరకొచ్చి, “కూలీ, కూలీ” అంది.

నాకు చురుక్కుమంది. కూలి అడుగుతోందా? అడిగినా తప్పులేదు మరి! కుర్రాడు నవ్వి చెప్పాడు. వాళ్ళ మాటలో ఆడవాళ్ళని ‘తిను’ అనాలంటే అదేనట. మనకి కూలి, వాళ్ళకి తినమనడం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమ్మే ఆతిథ్యం ఆతిథ్యమే కాదు, పూర్వం మన ఇళ్ళలోదే అసలైనది అని తేల్చేద్దామనుకున్నాను. కానీ అదైనా ఉచితమా? వేళకాని వేళ చుట్టం వస్తే మా అమ్మ మళ్ళీ పొయ్యి రాజేసేది. తన వంతు అన్నం వాళ్ళ విస్తట్లోకి వెళ్ళేది. తను ఊరగాయా మజ్జిగతో సరిపెట్టుకునేది. ఆతిథ్యం పేరు నాన్నగారికి, పొయ్యి పొగ అమ్మకి! ఈ మరాకేష్ ఆవిడకి జీతమైనా ఉంది. కనక డబ్బు పుచ్చుకోవడంలో మైల ఏమీ లేదు. ఇచ్చాను కదా అని నేను చేతులు దులుపుకోవడంలోనే ఉంది. కూరకి ధర ఉంది, గదికి ధర ఉంది. ఎదురుచూపుకి ధర లేదు. ధర లేనిదాన్ని బిల్లులో ఎలా వేస్తారు?

ఆ దేశపు టాంజియర్‌లో 1304లో పుట్టిన ఇబ్న్ బతూతా 1325లో ఇల్లు వదిలాడు. తిరిగి తిరిగి మన ఢిల్లీ కొచ్చి తుగ్లక్ కొలువులో న్యాయాధికారి అయ్యాడు. దారిపొడుగునా ఎందరో పెట్టింది తిన్నాడు. చివరికి స్వదేశం చేరాక, సుల్తాను కోరగా తను చూసిందంతా చెప్పి రాయించాడు. 1355లో పూర్తయిన ఆ పుస్తకంలో ఎక్కడ ఏం వడ్డించారో కూడా ఉంటుంది. తిన్నవాడు తీర్చగలిగిన బాకీ అదేనేమో! వేళకి రావడం, మనసుపెట్టి తినడం, మరిచిపోకుండా ఉండడం.

మర్నాడు పొద్దున్న మళ్ళీ భోజనం చెప్పాను. చీకటి పడకముందే వచ్చి, చేతులు కడుక్కుని కూర్చున్నాను. రొట్టెతో పళ్ళెం అంచుదాకా తుడిచి తిన్నాను. పెద్దావిడ వచ్చి చూసి, మరో గరిటె వడ్డించి, “కుల్” అంది. మగవాళ్ళని తినమనాలంటే అలా అంటారట.

అడక్కుండానే ఆవిడ నాతో అన్న మొదటి మాట అది.