తీర్పు ముందు ధైర్యం ఎక్కడిది?

'చేసుకున్నవాడికి చేసుకున్నంత' అంటాం. చిత్రగుప్తుడి చిట్టాని నమ్మనివాళ్లు కూడా చివరి రోజుల్లో తమ లెక్క తాము తిరగేసుకుంటారు. అది చూసుకుని ధైర్యంగా వెళ్లగలిగేవాళ్లు ఎందరు?

కొత్తవలసకి దగ్గర్లోనే ఉన్న విశాఖపట్నానికి 1805లో లండన్ మిషనరీలు వచ్చారు. తరవాత బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803-1890) క్రైస్తవుడై తెలుగులో కీర్తనలు కట్టాడు. అలా ఈ ప్రాంతానికి ఇంకో జవాబు చేరింది. యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయం చెప్పేది అదే: తీర్పు దినాన ధైర్యానికి ఆధారం మన మంచితనం కాదు, దేవుడు ముందుగా మనల్ని ప్రేమించడం. ఆ ప్రేమకి రుజువు సిలువ.

మరి ఏం చేసినా చెల్లిపోతుందా? అన్న పొలంలోకి గట్టు జరిపినవాడు దేవుడి ప్రేమ తలుచుకుని నిశ్చింతగా పడుకుంటే, ఆ అన్న మాటేమిటి? పత్రిక దీన్ని దాటవెయ్యదు. కళ్లెదుటి సోదరుణ్ణి ద్వేషిస్తూ కనపడని దేవుణ్ణి ప్రేమిస్తున్నానంటే అది అబద్ధమే అంటుంది.

లూకా చెప్పిన జక్కయ్య కథలో వరస గమనించండి. యేసు ముందు అతని ఇంటికి వస్తానన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇచ్చేస్తానని జక్కయ్య అన్నది ఆ తరవాతే. శిక్షకి భయపడేవాడు తప్పు దాస్తాడు. తోసెయ్యరని తెలిసినవాడు ఒప్పుకోగలడు, తిరిగి ఇవ్వగలడు.

జరిపిన గట్టుని అలాగే ఉంచి 'నాకు తీర్పంటే భయం లేదు' అనేవాడి ధైర్యం మాత్రం ఆ ప్రేమలోంచి వచ్చిందని నేను అనుకోను.