అంబారీ ఏనుగుకి రంగు వేయకు తల్లీ

బంగారుతల్లీ,

నిన్న నువ్వు ఫోన్ చేసి అటక మీది పెట్టెలో అంబారీ ఏనుగు దొరికిందని చెబుతుంటే నాకు మాట పెగల్లేదు. తొండం ఊడిందనీ, రంగు పెచ్చులు లేస్తోందనీ, సంక్రాంతి కొలువుకల్లా కొత్త రంగులు వేసి తళతళలాడిస్తాననీ అన్నావు. నీ ఉత్సాహం చూసి ముచ్చటేసింది. కానీ నాలుగు రోజులు ఆగమ్మా. నేను చెప్పేది విన్నాకే దాని మీద చెయ్యి వెయ్యి.

అది మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొండపల్లి బొమ్మ. చేతిలోకి తీసుకుని చూడు, అంత ఏనుగూ దూదిపింజలా ఉంటుంది. అది తెల్లపొణికి కర్ర గుణం. ఆ కర్రని సన్నటి సెగ మీద ఆరబెట్టి, తడంతా పోయాక చెక్కుతారు. ఒళ్లు, కాళ్లు, తొండం, అంబారీ దేనికది విడిగా చేసి, చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూసి, ఆ తెలుపు మీద రంగులు దిద్దుతారు. అంటే నీకు కనిపించే రంగంతా పల్చటి సున్నం పొర మీద నిలబడి ఉంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే దానికి ఏది చేటో నీకే తెలుస్తుంది.

తడిగుడ్డ తగలనివ్వకు. ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఆ ఏనుగుకి జంట ఉండేది. నాకు పెళ్లైన కొత్తలో, కొలువులో ఆ రెండో ఏనుగు వెలవెలబోతోందని సబ్బునీళ్లతో తుడిచాను. అంబారీ అంచున వరసగా దిద్దిన పసుపు చుక్కలు గుడ్డకి అంటుకుని వచ్చేశాయి. కంగారుపడి పైన ఎనామెల్ పెయింటు వేశాను. రెండు సంక్రాంతులు మెరిసింది. మూడో ఏడు ఆ గట్టి పెయింటు కింది సున్నాన్ని కూడా పట్టుకుని రేకులు రేకులుగా ఊడిపోయింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కింద పడ్డ ముక్కలు ఏరి కొంగులో వేసుకుంది. అది ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు.

అందుకని ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకో. నీ బ్రష్‌లలో మెత్తటిది, పొడిది తీసుకుని రంగు గట్టిగా ఉన్నచోట మాత్రమే దుమ్ము దులుపు. పెచ్చులు లేచిన చోటికి వెళ్లకు. రాలిన పెచ్చుల్ని పారేయకుండా కాగితంలో పొట్లం కట్టు. ఎండలో పెట్టావంటే కర్ర బీటలిస్తుంది. ఒంటి మీద సూదిమొన అంత బెజ్జాలు కనిపిస్తే, నల్లకాగితం మీద కొన్నాళ్లు నిలబెట్టి చూడు. కాగితం మీద కొత్తగా పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు బతికి ఉన్నట్టే. అప్పుడు దాన్ని మిగతా బొమ్మలకి దూరంగా, కవర్లో మూటకట్టి ఉంచు. మందు మాత్రం కొట్టకు, తెలిసినవాళ్లకి చూపించు.

ఇక తొండం. క్షణంలో పట్టేసే జిగురుల జోలికి పోకు. అవి ఒకసారి పట్టాయంటే మళ్లీ విడిపించలేం. కొండపల్లి బెజవాడకి సుమారు 20 కిలోమీటర్లే కదా, తీసుకెళ్లు. మక్కు కలిపే చేతులు అక్కడ ఇంకా ఉన్నాయి. మక్కుతో అతికితే, రేపు వంకరగా ఉందనిపించినా తడి చూపించి విప్పుకోవచ్చు. పాతవస్తువుకి ఏం చేసినా మళ్లీ వెనక్కి తీసుకోగలిగేలా చేయాలమ్మా. "రంగు కూడా వేసిస్తాం" అని వాళ్లు ఆప్యాయంగానే అంటారు. తొండం అతికితే చాలని మర్యాదగా చెప్పు.

దాని కుడిచెవి దగ్గర చూశావా? బొటనవేలంత మేర రంగు పోయి, కర్ర నున్నగా నల్లబడి ఉంటుంది. మా అమ్మ చిన్నప్పుడు అక్కడే పట్టుకుంది, నేను పట్టుకున్నాను, మీ అమ్మ పట్టుకుంది. మూడేళ్లప్పుడు నువ్వూ ఆ చెవి పట్టుకునే ఇల్లంతా తిప్పేదానివి. నువ్వు రంగు వేస్తే ముందు మూసుకుపోయేది ఆ మచ్చే.

కొత్త మెరుపు చూడాలని ఉంటే, వచ్చేటప్పుడు అక్కడే ఇంకో అంబారీ ఏనుగు కొనుక్కురా. చేసినవాళ్లకి నాలుగు డబ్బులూ అందుతాయి, నేను పోగొట్టిన జంటా కుదురుతుంది. పాతదాన్ని కొలువులో నడిమెట్టు మీద పెట్టు. కొత్తదాన్ని మాత్రం దాచకు, నీ కూతురి చేతికివ్వు. చెవి పట్టుకుని తిప్పనీ.

ఆశీస్సులతో,
అమ్మమ్మ